అర్ధాంతరంగా ఆగిన ముష్టియోధుని తూచుట ఎట్లు?

1982 ఆగస్టు 12వ తేదీ తెల్లవారుజామున మెక్సికో దేశంలో కెరెతారో నగర సమీపాన రహదారి మీద ఒక పోర్షే కారు లారీని ఢీకొన్నది. కారు నడుపుతున్న సాల్వడోర్ సాంచెజ్ మరణించినాడు. నాటికి అతని వయస్సు ఇరవైమూడేళ్లు. రెండున్నరేళ్లుగా ఫెదర్‌వెయిట్ తరగతిలో, అనగా 126 పౌన్ల బరువుకు మించని యోధులలో, ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ వారి కిరీటం అతనిదే. న్యూయార్కులో అజుమా నెల్సన్ అనే ఘానా యువకుని ఓడించి అప్పటికి ఇరవైరెండు రోజులు మాత్రమే అయినది.

ముష్టియుద్ధ ప్రియులు నలుగురు కూడిన చోట ఉత్తమ యోధుల పట్టిక వేయక మానరు. సాంచెజ్ పేరు వచ్చేసరికి వాదం మొదలవుతుంది. 'బ్రతికివుంటే అందరినీ మించిపోయేవాడు' అని ఒకరంటారు. 'ఏడేండ్లు మాత్రమే పోరాడినవానిని ఇరవైయేండ్లు పోరాడినవారి సరసన ఎట్లా నిలబెడతారు?' అని మరొకరు అడ్డుతగులుతారు. ఇద్దరూ చేసే పొరపాటు ఒక్కటేనని నాకు తోస్తుంది. ఇద్దరూ జరగని పోటీలనే లెక్కవేస్తున్నారు. మొదటివారు వాటిని గెలుపుల క్రింద జమకడతారు. రెండవవారు బాకీ క్రింద వ్రాసుకొంటారు.

ఉపాధ్యాయులకిది కొత్త చిక్కు కాదు. ఆరు ప్రశ్నలలో నాలుగింటికి జవాబు వ్రాసి, జ్వరం వచ్చి లేచిపోయిన విద్యార్థి పత్రం వారి చేతికి ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది. వ్రాయని రెండింటికీ మార్కులు వేయలేరు. అంతమాత్రాన వ్రాసిన నాలుగింటిలోని తెలివిని తగ్గించనూ లేరు. ఆ నాలుగూ సులభమైనవా, కఠినమైనవా అని చూస్తారు.

సాంచెజ్‌కు వచ్చినవి కఠినమైన ప్రశ్నలే. 1980 ఫిబ్రవరిలో ఫీనిక్స్ నగరాన, మూడేళ్లకు పైగా ఏలుతున్న డానీ లోపెజ్‌ను పదమూడవ రౌండులో ఓడించి కిరీటం అందుకొన్నాడు. 1981 ఆగస్టులో లాస్ వేగాస్‌లో ప్యూర్టోరికో వీరుడు విల్‌ఫ్రెడో గోమెజ్ ఎదురుపడినాడు. గోమెజ్ అంతవరకు ఓటమి ఎరుగడు. గెలిచిన 32 పోటీలూ నాకౌట్లే. అంతటివానిని సాంచెజ్ మొదటి రౌండులోనే నేలకూల్చి, ఎనిమిదవ రౌండులో ముగించినాడు. మొత్తం 46 పోటీలలో 44 గెలుపులు, ఒకటి సమం, ఒకటి ఓటమి. ఆ ఓటమి కూడా 1977లో, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో.

ఇక నెల్సన్ సంగతి. ఆనాడు అతడు పదమూడు పోటీలు మాత్రమే ఆడిన కొత్తవాడు, రావలసినవానికి బదులుగా చివరిక్షణంలో వచ్చినవాడు. అట్టివానిని ఆపడానికి ప్రపంచ విజేతకు పదిహేనవ రౌండు దాకా పట్టినది. ఆ రాత్రి చూచినవారికి ఇది సాంచెజ్ తడబాటుగానే కనిపించి ఉండవచ్చు. కాని 1984 డిసెంబరులో ఆ నెల్సనే గోమెజ్‌ను ఓడించి అదే కిరీటం ధరించినాడు. తరువాత పై తరగతికి ఎక్కి, అక్కడా ప్రపంచ విజేతయై, 1990ల నడిమి వరకు పెద్ద యోధుడుగా నిలిచినాడు. 1982 నాటి ఫలితంలో ఒక్క అక్షరం మారలేదు. దాని విలువ మాత్రం ఏటేటా పెరిగినది. చనిపోయినవాని ఖాతాలో న్యాయంగా జమకట్టదగినది ఇదొక్కటే. అతడు ఏమి చేసివుండేవాడన్నది కాదు, అతని చేతిలో ఓడినవారు తరువాత ఏమి చేసినారన్నది.

ఇదే తరగతిలో విల్లీ పెప్ అనే అమెరికా యోధుని కథ ఈ వాదాన్ని మరింత చిక్కుపరుస్తుంది. 1947 జనవరిలో న్యూజెర్సీలో అతడు ప్రయాణిస్తున్న విమానం కూలినది. అప్పుడతనికి 24 ఏళ్లు. అంతవరకు నూరు పోటీలకు పైగా ఆడి ఒక్కదానిలోనే ఓడినవాడు. వెన్ను, కాలు విరిగినా బ్రతికి, ఆ జూన్‌లోనే మళ్లీ బరిలోకి దిగినాడు. ఆ తరువాత 1948లో శాండీ శాడ్లర్ చేతిలో నాలుగవ రౌండులోనే చిత్తయి కిరీటం పోగొట్టుకొన్నాడు. 1949 ఫిబ్రవరిలో అదే శాడ్లర్‌ను పదిహేను రౌండ్లలో గెలిచి తిరిగి తెచ్చుకొన్నాడు. అతని జీవితంలోకెల్ల గొప్ప గెలుపు అదేనని చాలామంది ఎన్నుతారు. ఆ విమానంలోనే పోయివుంటే పెప్‌కు ఒకే ఓటమి ఉండేది, నిజమే. ఆ గెలుపూ ఉండేది కాదు. అకాలమృత్యువు యోధుని పరాజయాలను ఎంతగా దాస్తుందో, పడి లేచే శక్తిని కూడా అంతగానే దాస్తుంది. సాంచెజ్‌లో ఆ శక్తి ఎంత ఉన్నదో తెలుసుకొనే అవకాశం మనకు రాలేదు. (శాడ్లర్ సైతం 1956లో కారు ప్రమాదంలో కంటికి దెబ్బ తగిలి బరికి దూరమైనవాడే. ఈ తరగతి వారికి వాహనాలు అచ్చిరాలేదు కాబోలు!)

ఈ కొలతను అందరికీ ఒకే ధైర్యంతో వాడలేము. ఆస్ట్రేలియా యోధుడు లెస్ డార్సీ 1917లో అమెరికాలోని మెంఫిస్‌లో, రక్తం విషమించి, 21వ ఏట మరణించినాడు. జార్జి చిప్ వంటి మాజీ ప్రపంచ విజేతను ఓడించినమాట వాస్తవమే. కాని ఆ పోటీ డార్సీ స్వదేశంలో జరిగినది. అమెరికా గడ్డ మీద అతడు ఒక్క పోటీ కూడా ఆడలేకపోయినాడు. యుద్ధకాలంలో దేశం విడిచి వచ్చినాడన్న నింద అతనికి తలుపులు మూయించినది. అతని జవాబులు మంచివే. ప్రశ్నలన్నీ అతని ఊళ్లోనే తయారైనాయి.

ఇట్టి చర్చలో మనవారికి అభిమన్యుడు గుర్తుకు రాక మానడు. అతడు అర్జునుని మించినవాడని ఎవరూ అనరు. అయినా పదమూడవనాటి యుద్ధం చెప్పుకొనేటప్పుడు వేరొకరి పేరు ముందు రాదు. ఒక్కనాటి ఔన్నత్యానికి ఒక పట్టిక, యావజ్జీవ సాధనకు వేరొక పట్టిక వేసుకొంటే సగం తగవు తీరుతుంది. మొదటిదానిలో సాంచెజ్‌ను మొదటి ముగ్గురిలో నిలబెట్టడానికి నేను వెనుదీయను. రెండవదానిలో పెప్, శాడ్లర్ అతనికి పైన ఉంటారు. అది సాంచెజ్ తప్పు కాదు. వారు చేసిన పని ఎక్కువ.

ఒక్క గడి మాత్రం ఎవరు వేసిన పట్టికలోనూ నిండదు. సాంచెజ్ ఏలిన కాలమంతా అదే తరగతిలో, రెండవ సంస్థ అయిన ప్రపంచ బాక్సింగ్ అసోసియేషన్ కిరీటం పనామా యోధుడు యూసెబియో పెద్రోసా తలపై ఉన్నది. 1978 నుండి 1985 దాకా అతనిని ఎవరూ దించలేకపోయినారు. ఆ ఇద్దరూ ఒక బరిలో నిలబడలేదు. ఎవరు గెలిచేవారని విద్యార్థులు అడిగితే, ఆ గడిని ఖాళీగానే ఉంచి చూపిస్తాను.