సైనికాధికారిని ఎవరు విచారించాలి?

నేడు హైటెక్ సిటీ మేడలు నిలిచిన నేల 1948లో నిజాం రాజ్యం. సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం రజాకార్ల దౌర్జన్యాలకు తెరపడింది. ఆ వెంటే పలుచోట్ల ముస్లింలపై దాడులు జరిగాయి.

నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీల్లో, హత్యల్లో పాల్గొన్నారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. బాధితులకు అది రెండో అన్యాయం.

సైనికాధికారిని సైన్యమే విచారిస్తే ఏమవుతుందో మరో దేశపు ఉదాహరణ చూద్దాం. వియత్నాంలో అమెరికా సైనికులు గ్రామస్థులను చంపిన మై లాయ్ హత్యాకాండలో, లెఫ్టినెంట్ విలియం కాలీని 1971లో కోర్టు మార్షల్ (సైనిక కోర్టు) 22 హత్యలకు దోషిగా తేల్చింది. యావజ్జీవ శిక్ష పడినా, ఎక్కువ కాలం గృహనిర్బంధంలోనే ఉండి 1974లో బయటపడ్డాడు.

ఇక మన దేశంలో, 1950 సైనిక చట్టం 70వ సెక్షన్ ప్రకారం, పౌరుణ్ని చంపిన సైనికుడికి సాధారణంగా మామూలు కోర్టే. క్రియాశీల విధుల్లోనో, విదేశంలోనో, సరిహద్దు పోస్టులోనో ఉంటే మాత్రం కోర్టు మార్షల్ జరపవచ్చు.