ఫోన్‌లో దండోరా

2023లో దేశమంతా కొన్నిసార్లు ఫోన్లు ఒక్కసారిగా కుయ్యిమన్నాయి, గుర్తుందా? సైలెంట్‌లో పెట్టినవి కూడా. స్క్రీన్ మీద చూస్తే "ఇది టెస్ట్ మెసేజ్, కంగారు పడకండి" అనే అర్థంతో ఒక బాక్స్. చాలామంది ఓకే నొక్కేసి మర్చిపోయారు. ఫోన్ హ్యాక్ అయిందని భయపడినవాళ్లూ ఉన్నారు. దాని పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్. 5జీ స్పీడ్ గురించి అందరూ మాట్లాడతారు కానీ, నా దృష్టిలో మన కోస్తా జిల్లాలకి అంతకన్నా పనికొచ్చేది ఇదే.

ఎస్సెమ్మెస్ అంటే పోస్ట్‌మ్యాన్. ఒక్కో నంబర్ వెతికి, ఒక్కో తలుపు కొట్టి ఇచ్చి రావాలి. లక్షల మందికి ఒకేసారి పంపాలంటే క్యూ పెరిగిపోతుంది. తుఫాను రోజున అందరూ ఫోన్లు చేసుకుంటుంటారు కాబట్టి నెట్‌వర్క్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అయితే ఊళ్లో దండోరా లాంటిది. టవర్ ఒక్కసారి చాటుతుంది, దాని కింద పది ఫోన్లున్నా రెండు వేలున్నా అదే ఖర్చు. నంబర్లు అక్కర్లేదు. ఫోన్ తిరిగి జవాబు పంపదు కాబట్టి ఎవరు ఎక్కడున్నారో ఈ మెసేజ్ వల్ల ఎవరికీ తెలియదు.

4జీలో ఇది ఎలా జరుగుతుందంటే, ఖాళీగా ఉన్న ఫోన్ కూడా అప్పుడప్పుడు మేలుకుని తనకేమైనా పిలుపు వచ్చిందా అని టవర్ మాట వింటుంది. "అలర్ట్ ఉంది, చదువుకో" అని టవర్ అక్కడే చెబుతుంది. అసలు మెసేజ్ టవర్ ప్రసారం చేసే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ బ్లాక్ 12లో ఉంటుంది. కొత్తగా ఆ ప్రాంతంలోకి వచ్చినవాళ్లకీ అందాలని టవర్ దాన్నే మళ్లీ మళ్లీ చాటుతుంది. ప్రతి మెసేజ్‌కి ఒక సీరియల్ నంబర్ ఉంటుంది కాబట్టి, చూపించినదాన్నే ఫోన్ మళ్లీ చూపించదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. టవర్ బతికుంటేనే దండోరా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకాక కరెంటు పోయింది, చాలా టవర్లు మూగబోయాయి. అంటే అలర్ట్ గాలి రాకముందే, జనం కదలడానికి టైమ్ ఉండగానే రావాలి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. ఇంటింటికీ చేరే హెచ్చరిక లేని రోజులవి.

రెండో చిక్కు భాష. తెలుగులో పంపితే పట్టదు అనే మాట వింటుంటాం. లెక్క చూద్దాం. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక పేజీ అంటే 82 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 93 పడతాయి. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 2 బైట్లు కావాలి కాబట్టి దాదాపు 40 మాత్రమే. పైగా మన ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒకటే అక్షరం, మెషీన్‌కి ఆరు గుర్తులు. అయినా సరే, "తుఫాను వస్తోంది. ఇల్లు ఖాళీ చేయండి." అన్నది లెక్కపెట్టి చూశాను. చుక్కలు, ఖాళీలతో కలిపి 35. ఒక్క పేజీలో సరిపోయింది! పైగా ఒక మెసేజ్‌కి 15 పేజీల దాకా వాడుకోవచ్చు. ఇక పట్టదు అనడానికి ఏముంది? ఎక్కడికి వెళ్లాలో, ఎప్పటిలోగా వెళ్లాలో కూడా రాయొచ్చు. కాకపోతే "తీవ్ర వాయుగుండం వాయవ్య దిశగా పయనించి" అని మొదలుపెడితే మా నాయనమ్మ చదవదు, నేనూ చదవను.

సముద్రంలోకి దూరం వెళ్లిన పడవలకి టవర్ అందదు. వాళ్ల కోసం వేరే దారి ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరికల్ని గగన్ శాటిలైట్ల ద్వారా పంపితే, 2019లో వచ్చిన జెమిని అనే చిన్న పరికరం అందుకుని బ్లూటూత్‌తో మత్స్యకారుడి ఫోన్‌కి ఇస్తుంది. అదీ ఒకవైపు మాటే, తిరిగి చెప్పడానికి లేదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది తప్పుడు అలారం. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయిలో క్షిపణి వస్తోందని పొరపాటున అలర్ట్ పంపారు. అది తప్పని చెబుతూ మరో అలర్ట్ రావడానికి 38 నిమిషాలు పట్టింది. అలాంటివి రెండు మూడు జరిగితే జనం సెట్టింగ్స్‌లోకెళ్లి ఆఫ్ చేసేస్తారు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" అని కొడితే ఆ స్విచ్ కనిపిస్తుంది. మీది చూసుకున్నాక, సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లోవాళ్ల ఫోన్లు కూడా ఓసారి తీసి చూడండి. ఆ టెస్ట్ మెసేజ్‌లకి విసిగిపోయి ఎవరో ఒకరు ఆఫ్ చేసే ఉంటారు.