మీకు తెలుసా? గండుపిల్లికి కడుపొస్తే!

తెనాలి రామకృష్ణుడి పిల్లికి పాలగిన్నె కనబడితే చాలు, పరుగే పరుగు. ఎలుకల బాధ తీరాలని రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకని ఓ ఆవునీ ఇచ్చారట. మన కవిగారు తొలిరోజే సలసల కాగే పాలు పెట్టి దాని మూతి కాల్చాడు. ఆ తర్వాత పాలు ఇంటిల్లిపాదికీ, పస్తులు పిల్లికీ. కథ కాబట్టి నవ్వుకుంటాం. అదే తెనాలిలో, రెండేళ్లు కూడా నిండని పిల్లి నాలుగు రోజులుగా చేపముక్క పెట్టినా మూతి తిప్పేసుకుంటోందంటే దాన్ని నవ్వులాటకి తీసుకోకూడదు. లోపల ఓ వైరస్ పని చేస్తూ ఉండొచ్చు.

ఆ జబ్బు పేరు ఫిలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్. అంత పేరు పిలవలేక పశువైద్యులు ఎఫ్‌ఐపీ అంటారు. మనమూ అలాగే అందాం.

*

ఈ జబ్బు మనల్ని మోసం చేసేది పొట్ట దగ్గర. పిల్లి పొట్ట గుండ్రంగా పెరుగుతుంటే ఇంట్లోవాళ్లు ముందు సంబరపడతారు, తిండి ఒంటబట్టిందని. ఆడదైతే కడుపుతో ఉందిలే అని వదిలేస్తారు. గండుపిల్లికి కడుపేమిటని ఎవరో ఒకరు అడిగేదాకా అనుమానమే రాదు.

ఒకసారి దాని వీపు నిమిరి చూడండి. వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్లకి తగులుతుంటాయి, పక్కన కండ ఉండదు. కిందేమో పొట్ట నీళ్లు నింపిన సంచిలా అటూ ఇటూ ఊగుతుంది. డాక్టరు సూదితో లాగితే ఎండుగడ్డి రంగులో, పసుపుపచ్చగా ద్రవం వస్తుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి విడదీస్తే లేత తీగపాకంలా సాగుతుంది. అందులో ప్రొటీన్ అంత చిక్కగా ఉంటుంది మరి.

ఇది తడి రకం. పొడి రకంలో నీరు చేరదు. కంటిపాప చుట్టూ రంగు మారడం, నడకలో తూలుడు, ఒక్కోసారి ఫిట్స్ కనిపిస్తాయి. దీన్ని పట్టుకోవడం మంచి డాక్టర్లకీ కష్టమే. రెండు రకాల్లోనూ మామూలుగా కనిపించేది ఒకటుంది: యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఎన్ని పడినా దిగని జ్వరం.

*

ఎఫ్‌ఐపీని అనుమానించడానికి ఓ చుక్క వెనిగర్ ఆమ్లం పనికొస్తుందని తెలుసా? గాజు గొట్టంలో 8 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, గాఢ అసిటిక్ ఆమ్లం ఒక్క చుక్క కలుపుతారు. దానిమీద పొట్టలోంచి తీసిన ద్రవం ఒక బొట్టు మెల్లగా వదులుతారు. బొట్టు నీళ్లలో కరిగి మాయమైతే ఎఫ్‌ఐపీ కాదని చాలావరకు ధీమాగా ఉండొచ్చు. ఆకారం చెడకుండా పైనే వేలాడినా, జెల్లీఫిష్‌లా తోక జారవిడుస్తూ అడుక్కి దిగినా అనుమానం గట్టిపడుతుంది. ఇటలీకి చెందిన రివాల్టా పేరుమీద వందేళ్లకు పైగా నడుస్తున్న పరీక్ష ఇది, మొదట్లో మనుషుల కోసం వచ్చింది. పొట్టలో చీము పట్టినా, కొన్ని క్యాన్సర్లలోనూ బొట్టు అలాగే నిలుస్తుంది కాబట్టి దీనొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పరు.

రక్తపరీక్ష కాగితం చేతికొస్తే ఆల్బుమిన్, గ్లోబులిన్ నిష్పత్తి అనే వరస చూడండి. 0.4 కంటే తక్కువుంటే అనుమానం బలపడుతుంది. 0.8 దాటితే ఎఫ్‌ఐపీ అయ్యే అవకాశం తక్కువ.

*

ఈ జబ్బు తెచ్చేదీ ఓ కరోనా వైరసే. ఉలిక్కిపడకండి, ఇది పిల్లుల కరోనా. మనకు రాదు, మన కోవిడ్‌కీ దీనికీ దూరపు చుట్టరికమే. పిల్లుల పేగుల్లో ఉంటుంది. మలంతో బయటికొచ్చి, ఒకే మట్టితొట్టి వాడుకునే పిల్లులకు అంటుతుంది. చాలావాటికి రెండు రోజుల విరేచనాలతో సరి. నూటికి పదిలోపు పిల్లుల్లో మాత్రం ఆ వైరస్ ఒంట్లోనే రూపు మార్చుకుని, క్రిముల్ని మింగాల్సిన తెల్లకణాల్లోకే దూరి అక్కడే పిల్లలు పెడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ కణాలు ఒళ్లంతా తిరుగుతూ రక్తనాళాలను వాపెక్కిస్తే, నాళాల్లోంచి కారిన ద్రవమే పొట్టలో చేరుతుంది.

అందుకే ఇంట్లో ఒక పిల్లికి ఎఫ్‌ఐపీ వచ్చినంత మాత్రాన మిగతావాటికి అదే జబ్బు అంటుతుందని కాదు. 1963లో బోస్టన్ పశువైద్యురాలు జీన్ హోల్జ్‌వర్త్ ఈ జబ్బును తొలిసారి వివరించిన నాటినుంచీ ఎక్కువగా కనిపించింది ఇదే. దీనికి విరుద్ధంగా 2023లో సైప్రస్ దీవిలో మాత్రం కుక్కల కరోనాతో కలిసి పుట్టిన ఓ కొత్త రకం పిల్లినుంచి పిల్లికి పాకి, చాలా పిల్లులను బలితీసుకుంది.

*

ఇక అసలు విశేషం. 2020 జూన్‌లో హైదరాబాద్ కంపెనీ హెటెరో ‘కోవిఫర్’ పేరుతో కోవిడ్ మందు రెమ్‌డెసివిర్ తెచ్చింది. 100 మిల్లీగ్రాముల వయల్ ధర అప్పట్లో 5,400 రూపాయలు. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో ఆ వయల్ కోసం చీటీ పట్టుకుని ఎంతమంది ఎన్ని మెడికల్ షాపుల మెట్లెక్కారో మన జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక జీఎస్-441524 అనే పదార్థంగా మారుతుంది. ఆ అంకె పిల్లులను పెంచేవాళ్లకు కంఠతా వచ్చు. ఎందుకంటే ఎఫ్‌ఐపీకి మందు అదే.

రెండూ అమెరికా కంపెనీ గిలియడ్ ప్రయోగశాలలో పుట్టినవే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్‌ను 31 పిల్లులకు ఇచ్చి చూసి, 2019లో ఫలితాలు ప్రకటించింది. 12 వారాలూ పూర్తిచేసినవి 26. వాటిలో 8కి జబ్బు తిరగబెడితే మళ్లీ మందిచ్చారు. పరిశోధన పత్రం అచ్చయ్యేనాటికి 24 పిల్లులు ఆరోగ్యంగా ఉన్నాయి. అప్పటిదాకా ఎఫ్‌ఐపీ అని తేలితే డాక్టర్లు చేసేది ఓదార్పు మాత్రమే, ఆ మార్పు గురించి ఎంత చెప్పినా తక్కువే.

అయినా మందు బజారుకు రాలేదు. మనుషుల మందు అనుమతులకు ఇది అడ్డం వస్తుందని కంపెనీ వెనకాడిందని అప్పట్లో రాశారు. ఈలోగా చైనాలో ఎవరో తయారుచేసిన పేరూ ఊరూ లేని వయల్స్ ఫేస్‌బుక్ గుంపుల్లో చేతులు మారాయి. డాక్టర్లకు తెలిసీ తెలియనట్టుండే ఆ దొంగదారినే ప్రపంచమంతా వేలమంది పిల్లుల్ని బతికించుకున్నారు. దొంగతనమంటే నాకు మోజు లేదుగానీ, వాళ్లను తప్పుపట్టడానికి మాత్రం నోరు రాదు. 2024 జూన్ నుంచి అమెరికాలో డాక్టరు చీటీమీద బహిరంగంగానే దొరుకుతోంది.

*

మోల్నుపిరవిర్ గుర్తుందా? కోవిడ్ మాత్ర. ఎఫ్‌ఐపీకి అదీ పనిచేస్తుంది. సైప్రస్ ప్రభుత్వం 2023 ఆగస్టులో మనుషుల కోసం తెచ్చి పెట్టుకున్న నిల్వలను పిల్లులకు వాడనిచ్చింది. మన దేశంలో ఈ మాత్రకు 2021 డిసెంబరు చివర్లో అత్యవసర అనుమతి వచ్చింది. తయారుచేసిన కంపెనీల్లో హైదరాబాద్ నాట్కో ఒకటి. దాని వ్యవస్థాపకుడు నన్నపనేని వెంకయ్య చౌదరిది పొన్నూరు దగ్గరి గొల్లమూడిపాడు. తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్లేవాళ్లు నిడుబ్రోలు స్టేషన్ వస్తే అటు ఓ చూపు వేయండి. అయితే ఈ మాత్ర మోతాదు మించితే తెల్లకణాలు పడిపోతాయి. డాక్టరు లెక్కగట్టి, మధ్యమధ్య రక్తం పరీక్షించి ఇవ్వాల్సిందేగానీ, ఇంట్లో మిగిలిందని విరిచి పెట్టేది కాదు.

*

విరిచి పెట్టడం అన్నాం కాబట్టి ఒక్క మాట. పిల్లికి జ్వరమొచ్చిందని పారాసెటమాల్ వేయకండి. పావు ముక్కయినా వద్దు. దాన్ని విరిచేసే ఎంజైము పిల్లి కాలేయంలో సరిపడా ఉండదు. చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరిగి, ఊపిరాడక చచ్చిపోతుంది.

*

జీఎస్ మందు రోజూ వేళ తప్పకుండా 84 రోజులు. అంటే రెండు అయ్యప్ప మండలాలు, ఇంకో రెండు రోజులు! అదీ తొలినాళ్లలో అన్నీ ఇంజెక్షన్లే. ఆ ద్రవానికి పులుపెక్కువ కావడంతో సూది పడినచోట పిల్లి కేకపెట్టేది, చర్మం పుండ్లు పడేది. ఇప్పుడు మాత్రలొచ్చాయి. జర్మనీలో తడి రకం వచ్చిన 40 పిల్లులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 42 రోజులు, రెండోదానికి 84 రోజులు ఇస్తే ఫలితం సమానంగానే వచ్చిందని 2024లో ప్రకటించారు. అంటే ఒక్క మండలం, ఇంకో రోజుతో సరి. కంటికో మెదడుకో పాకితే మాత్రం ఈ లెక్క వర్తించదు.

*

వాంతులు, నీళ్ల విరేచనాలతో ఒక్కరోజులో సోలిపోయే పిల్లకూనలది వేరే కథ. అది పాన్‌ల్యూకోపీనియా, పార్వో జాతి వైరస్. దానికి సూటి మందు లేదు, సెలైన్ ఎక్కించి కాచుకోవాలి. గచ్చుమీద ఏడాది దాకా బతుకుతుంది, ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కావాలి. కానీ దీనికి మంచి టీకా ఉంది. ఎఫ్‌ఐపీకి నమ్మదగ్గ టీకా లేదు. ఒకదానికి టీకా, ఇంకోదానికి మందు. రెండూ ఒకేదానికి ఉంటే పిల్లి తొమ్మిది ప్రాణాలకి ఢోకా ఉండేది కాదు.

*

రేపల్లెలాంటి ఊళ్లలో పాడిగేదెలు చూసే డాక్టర్లే ఎక్కువ. పిల్లిని చూపించడానికి విజయవాడ దాటి గన్నవరం పశువైద్య కళాశాల దాకా వెళ్లాల్సి రావచ్చు. వెళ్లినా ఇంటిదగ్గర చేయాల్సిన పనొకటి ఉంది. మందు మోతాదు బరువునుబట్టి కాబట్టి వారం వారం పిల్లిని తూచాలి. త్రాసుమీద అది ఎటూ నిలబడదు. గుడ్డసంచిలో తల బయటికి ఉండేలా కూర్చోబెట్టి, కొక్కెం త్రాసుకి తగిలించండి. చేపలమ్మే ఆవిడనడిగితే ఇస్తుంది. మొదటి వారం ముల్లు వెనక్కే జరగొచ్చు, పొట్టలో నీరు పోతున్నందుకు. ఆ తర్వాత వంద గ్రాములు, ఇంకో వంద. తూచినంతసేపూ అది చేపల బుట్టకేసి చూస్తోందంటే మందు పట్టినట్టే.