కొలత – తూనిక
ప్రొద్దుటూరు అంగడిలో రాగిపిండిని కిలోల లెక్కను తెచ్చి, ఇంట గ్లాసుతో కొలుచుట మనకలవాటు. సంగటి గట్టిపడినచో కోడలి చేతిని నిందింతురు. దోషము చేతిది కాదు, కొలతది. సోల, తవ్వ, మానిక యను మన పూర్వపు కొలతలు పాత్రలోని చోటును తెలుపునే కాని బరువును తెలుపవు. 1956 నాటి చట్టముచే కిలో, లీటరు వచ్చినను ఈ భేదము పోలేదు. 200 మిల్లీలీటర్ల గ్లాసెడు నీరు 200 గ్రాములు. బియ్యము సుమారు 160. వదులుగా పోసిన గోధుమపిండి సుమారు 110. ఏ పిండియైనను ఒత్తి నింపినచో బరువు పెరుగును.

కావున సోదరీమణులారా! మీ గ్లాసుతో ఒక్కొక్క దినుసును అంచునకు సరిగా నింపి, కాటాపై ఒక్కసారి తూచి, గ్లాసు బరువును తీసివేసి, మిగిలినదానిని డబ్బాపై వ్రాసియుంచుడు. అటుపిమ్మట పుస్తకము గ్రాములలో చెప్పినను, అత్తగారు గ్లాసులతో చెప్పినను వంట చెడదని మా మనవి.