గాలిమరల పనియందలి యపాయములు - గృహిణులు తెలిసికొనవలసిన సంగతులు

విశాఖపట్టణమున రేవులోనో, ఉక్కుకార్ఖానాలోనో, ఓడల కార్ఖానాలోనో పనిచేయువా రొకరైనను లేని వీథి యరుదు. తెల్లవాఱుజామున క్యారియరు చేతికిచ్చి, సాయంకాలము గుమ్మములో చెప్పుల చప్పుడు వినబడువఱకును మనస్సును చిక్కబట్టుకొని యుండుట యిచ్చటి గృహిణుల కలవాటే. ఇప్పుడు మన పిల్లలలో కొందఱు గాలిమరల పనికిని పోవుచున్నారు. రాయలసీమలో రామగిరి కొండలమీద గత శతాబ్దము చివరినుండియు నివి తిరుగుచున్నవి. పొగలేదు, మసిలేదు గనుక నీ పనిలో నపాయము లేదని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు.

నేటి గాలిమర యుక్కుస్తంభము 80, 100 మీటర్ల యెత్తుండును. దాదాపు ముప్పది యంతస్తుల మేడ యనుకొనుడు. లోపలి నిచ్చెన నెక్కి, కొననున్న యంత్రపుగదిలో పనిచేయవలెను. జారిపడుట, పైనుండి పనిముట్టు క్రిందివాని తలపై బడుట, విద్యుద్ఘాతము, తిరుగు మరలలో చేయి చిక్కుట, పిడుగు, ఉక్క - ఇవి యందలి ముఖ్యాపాయములు. ఱెక్కలను చేయునప్పుడును, బాగుచేయునప్పుడును జిగురు రసాయనముల యావిరియు, గాజునూలు ధూళియు చర్మమునకును ఊపిరితిత్తులకును హానిచేయును.

ఇట్టివానిలో రెండింటిని విశాఖ 2020లోనే చూచినది. మే 7వ తేదీ వేకువను ఎల్.జి. పాలిమర్సు కార్ఖానా తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి వేంకటాపురపు టిండ్లను గ్రమ్మగా 12మంది మరణించిరి. ఱెక్కలకు వాడు జిగురులలో కొన్నింటను ఈ స్టైరీనే యుండును. ఆగస్టు 1వ తేదీని హిందూస్థాన్ షిప్‌యార్డులో పెద్ద క్రేనును పరీక్షించుచుండగా నది కూలి 11మంది చనిపోయిరి. గాలిమరను నిలుపుటయు క్రేనుతోడి పనియే గదా! కార్ఖానా మూతబడినను సరకు నిదురపోదని మొదటిది నేర్పినది. పరీక్షయు నపాయముగల పనియే యని రెండవది నేర్పినది.

వచ్చినపిదప నేడ్చుటకంటె నపాయమును ముందుగా గుర్తించుట మేలు. పనిని భాగములుగా విడదీసి, ఒక్కొక్కదానియందును "ఇచట దెబ్బ యెట్లు తగులును? ఎవరికి తగులును?" అని ప్రశ్నింపవలెను. పిమ్మట నా కారణమునే తొలగింపవలెను, తొలగింపరానిచో నడ్డుకట్టవలెను, బెల్టు, హెల్మెట్టు అన్నిటికిని చివరివి. చేతికి బెల్టిచ్చి పంపినంతమాత్రాన యజమాని బాధ్యత తీరదు.

మీ యింటివారిని ఈ నాలుగు ప్రశ్న లడుగుడు. విద్యుత్తు నాపిన మీటకు తాళమువేసి, తాళపుచెవి తమయొద్దనే యుంచుకొనుచున్నారా? ఆపినను కొన్ని పరికరములలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండునని యెఱుగుదురా? గాలి హెచ్చినను, మెఱుపు మెఱసినను పని నాపు నధికారము తమకున్నదా? బెల్టునకు వ్రేలాడుచున్నవానిని దింపుటకు మనుషులు, త్రాళ్లు సిద్ధముగా నున్నవా? ఊరక వ్రేలాడినచో కాళ్లలో రక్తము నిలిచి కొద్దిసేపటిలోనే ప్రాణముమీదికి వచ్చును.

ఇంటిలో మనము చేయవలసినదియు గలదు. రాత్రిపని చేసివచ్చినవాని పగటినిద్రను చుట్టపుచూపులతో చెడగొట్టకుడు. తల తిరుగుచున్నదన్ననాడు కూలి పోయినను నిచ్చెన యెక్కనీయకుడు. ఒకదినపు కూలిని మఱునాడు సంపాదించుకొనవచ్చును. ఇప్పుడు మన బాలికలును ఇంజనీర్లయి యిట్టి పనులలో చేరుచున్నారు. వారికిని చెప్పుడు: అపాయమును చూపి ప్రశ్నించుట పిఱికితనము కాదు, తోడివారి ప్రాణములను కాపాడుట.