ఇంజిన్ వేడిని కాసే చిటికెడు మైనం

బండి హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినపడే సలహా ఒకటుంది: “మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ? తీసి పక్కన పడేద్దాం, నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి.” పాలిటెక్నిక్ పిల్లలూ క్లాసులో ఇదే అడుగుతారు, మంచు దేశాల వాళ్ల కోసం పెట్టిన భాగం మనకెందుకు సార్ అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ జవాబు వాళ్లు అనుకున్నట్టు ఉండదు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ అనే ఆ వాల్వు తీసేస్తే ఎండలో, ఎత్తులో బండి ఇంకా తొందరగా హీటెక్కుతుంది. ఎందుకో తెలియాలంటే ఒక చిన్న ఇత్తడి డబ్బీలో ఉన్న మైనం సంగతి తెలియాలి. కారు మొత్తంలో నాకు అంత ముచ్చటైన భాగం మరొకటి లేదు.

పెట్రోలు కాలినప్పుడు పుట్టే వేడిలో పనిగా మారేది సుమారు మూడోవంతు. మరో మూడోవంతు సైలెన్సరు గుండా పొగతో పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగాన్ని సిలిండరు చుట్టూ తిరిగే నీళ్లే మోసుకుపోవాలి. తొలి కార్లకు ఇది పెద్ద తలనొప్పి. బెంజ్ మొదటి బండిలో నీళ్లు కాగి ఆవిరైపోయేవి. 1888లో బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్తూ దారి పొడవునా నీళ్లు పోసుకోవాల్సి వచ్చింది. 1901 నాటి మెర్సిడెస్‌కు విల్హెల్మ్ మేబాక్ 8,070 సన్నటి గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ తయారు చేశాక ఆ బాధ చాలావరకు తీరింది.

ఫోర్డ్ మోడల్ టీలో చాలాకాలం నీళ్ల పంపు లేదు. వేడి నీరు తేలికై పైకి లేచి రేడియేటర్ నెత్తికి చేరేది, చల్లారి బరువెక్కి కిందికి దిగేది. ఇంజిన్ ఎంత వేడెక్కితే నీళ్లు అంత జోరుగా తిరిగేవి. ఇంజిన్ల బలం పెరిగి పంపు తప్పనిసరి అయ్యాక కొత్త చిక్కు మొదలైంది. పంపు తాళం తిప్పిన క్షణం నుంచే చల్లటి నీళ్లను తోస్తుంది, ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాక రింగులు దాటి ఆయిల్లో కలుస్తుంది. మంటలో పుట్టిన నీటి ఆవిరి బోరు గోడ మీద చెమ్మగా పేరుకుంటుంది, అందులో ఆమ్లాలు చేరి లోహాన్ని తినేస్తాయి. గోడ చల్లగా ఉన్నకొద్దీ బోరు అరుగుదల ఎలా ఎగబాకుతుందో 1930లలోనే బ్రిటిష్ ఇంజినీర్లు ప్రయోగాలు చేసి చూపించారు. అందుకే ఇంజిన్ వేడెక్కేదాకా దారి మూసి, ఆ తర్వాత తెరిచే వాల్వు కావాల్సి వచ్చింది.

మొదట గెలిచింది తిత్తి వాల్వు. హార్మోనియం తిత్తిలా మడతలు పడిన పలచటి ఇత్తడి గొట్టంలో తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం పోసి మూతి అతికేవారు. నీళ్లు వేడెక్కితే లోపలి ద్రవం ఆవిరై మడతలు సాగుతాయి, వాల్వు తెరుచుకుంటుంది. దీనికో మంచి గుణం ఉండేది. తిత్తికి చిల్లు పడితే వాల్వు తెరిచిన స్థితిలోనే ఆగిపోయేది. బండికి పెద్ద ముప్పు ఉండేది కాదు.

దీన్ని ఓడించింది రేడియేటర్ మూత. నీళ్ల మీద ఒత్తిడి పెంచితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. 0.9 బార్ స్ప్రింగు మూత బిగిస్తే వట్టి నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. అంటే చిన్న రేడియేటర్‌తోనే ఎక్కువ వేడిని వదిలించుకోవచ్చు. కార్ల కంపెనీలకు అది వరం, తిత్తికి శాపం. బయటి నీళ్ల ఒత్తిడి పెరిగేసరికి లోపలి ఆవిరి దాన్ని ఎదిరించలేక మడతలు నలిగి, వాల్వు తెరుచుకోవాల్సిన వేళకు తెరుచుకునేది కాదు.

1930ల మధ్యలో అమెరికన్ ఇంజినీరు సెర్జియస్ వెర్నే ఆవిరిని వదిలేసి మైనాన్ని పట్టుకున్నాడు. మైనం గడ్డ నుంచి ద్రవంగా మారేటప్పుడు నూటికి పది, పదిహేను వంతుల దాకా ఉబ్బుతుంది. గడ్డగా ఉన్నా, కరిగినా ఎంత నొక్కినా దాదాపు కుంచించుకోదు. కాబట్టి బయట ఒక బార్ ఒత్తిడి ఉన్నా లేకపోయినా దానికి లెక్కలేదు. వేడి మాట ఒక్కటే వింటుంది.

లోపల ఏం జరుగుతుందో చూడండి. ఇత్తడి డబ్బీలో మైనం ఉంటుంది. వేడి లోపలిదాకా తొందరగా పాకాలని అందులో రాగి పొడి కలుపుతారు. మైనం మధ్యలో రబ్బరు తొడుగు, తొడుగులో కొస సన్నబడిన స్టీలు కడ్డీ. మైనం ఉబ్బగానే రబ్బరును అన్ని వైపుల నుంచీ పిండుతుంది, కడ్డీ బయటికి జారాలని చూస్తుంది. కానీ కడ్డీ రెండో కొన పైనున్న చట్రానికి ఆనుకుని ఉంది, అది కదలదు. కడ్డీ కదలలేనప్పుడు కదలాల్సింది డబ్బీయే. అది కిందికి దిగుతూ తనకు అతికి ఉన్న పళ్లాన్ని కూడా లాక్కుపోతుంది, రేడియేటర్‌కు దారి తెరుచుకుంటుంది. వేళ్లతో నొక్కితే కదలనంత గట్టి స్ప్రింగును ఆ చిటికెడు మైనం అవలీలగా అణిచేస్తుంది. చల్లారితే స్ప్రింగు అన్నిటినీ యథాస్థానానికి నెడుతుంది. ఏ డిగ్రీకి తెరుచుకోవాలో మైనం రకాన్ని బట్టి ఉంటుంది. 82, 88 అని డబ్బీ మీద చెక్కి ఉండే అంకె అదే.

చాలా వాల్వుల్లో డబ్బీ అడుగున మరో చిన్న పళ్లెం ఉంటుంది. అసలు తెలివి అక్కడుంది. దారి మూసి ఉన్నప్పుడు కూడా ఇంజిన్‌లో నీళ్లు నిలిచిపోకూడదు, నిలిస్తే ఒక మూల మరిగి మరో మూల చల్లగా ఉంటుంది. అందుకని నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోనే తిరిగేందుకు ఒక బైపాస్ దారి ఉంటుంది. వేడెక్కాక డబ్బీ కిందికి దిగినప్పుడు పై పళ్లెం రేడియేటర్ దారి తెరుస్తుంది, అడుగు పళ్లెం బైపాస్‌ను మూస్తుంది. ఒకే కదలికతో రెండు పనులు. ఇప్పుడు వాల్వు తీసేశామనుకోండి, బైపాస్‌ను మూసే దిక్కు లేదు. రేడియేటర్ సన్నగొట్టాల్లో దూరడం కష్టం, బైపాస్‌లో పోవడం సులువు. మరిగే నీళ్లలో కొంత భాగం చల్లారకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. నీళ్లు మరీ జోరుగా తిరిగి చల్లారే టైము లేక హీటెక్కుతుందని కొందరు చెబుతారు, అది తప్పు. ప్రవాహం పెరిగితే రేడియేటర్ వదిలించే వేడి తగ్గదు. నేరం బైపాస్‌ది.

మైనానికీ ఒక లోపం ఉంది, దాచాల్సిన పనిలేదు. డబ్బీ లీకై మైనం కారిపోతే వాల్వు మూసిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. తిత్తికి ఉన్న ఆ మంచి గుణం మైనానికి లేదు. కాబట్టి టెంపరేచర్ మీటరు ముల్లు పైకి లేచినప్పుడు అది ఎప్పుడు లేచిందో గమనించడం సగం వైద్యం. బండి కదిలిన కాసేపటికే ముల్లు ఎగబాకి, పై హోస్ పైపు మాత్రం చల్లగా ఉంటే వాల్వు మూసుకుపోయినట్టే అనుమానించాలి. ట్రాఫిక్‌లో హీటెక్కి హైవే మీద సర్దుకుంటే ఫ్యాను తిరగడం లేదు. ట్రాఫిక్‌లో బాగుండి తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు లేస్తే నీళ్లు చాలినంత తిరగడం లేదని అర్థం. బోరునీళ్లు పోసి పోసి రేడియేటర్‌లో ఉప్పు పట్టి ఉండవచ్చు, పంపు రెక్కలు అరిగి ఉండవచ్చు, వాల్వు సగమే తెరుచుకుంటూ ఉండవచ్చు. బయట చుక్క కారకుండా కూలెంట్ తగ్గిపోతూ, నీళ్లలో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి. ఏది ఏమైనా వేడి మీద మూత తీయవద్దు. ఒత్తిడి పోయిన మరుక్షణం 100 డిగ్రీలు దాటిన నీళ్లు భగ్గున ఆవిరై మొహం కాలుస్తాయి.

వాల్వు మీద అనుమానం ఉంటే తేల్చుకోవడం సులువు. విప్పిన వాల్వును ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీయండి. అడుగుకు తగలకూడదు. పక్కన థర్మామీటర్ పెట్టి సన్న మంట మీద కాచండి. చెక్కిన అంకె దగ్గర పళ్లెం అంచున వెంట్రుకంత సందు కనపడాలి, మరో పది, పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. ఆ తెరుచుకోవడం కళ్లారా చూసిన విద్యార్థి ఆ పాఠం మరచిపోడు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. మైనంలోనే చిన్న కరెంటు హీటర్ పెట్టి, ఎప్పుడు తెరవాలో కంప్యూటర్ నిర్ణయించే వాల్వులు 1990ల నుంచి వచ్చాయి. 2009 నాటి ప్రియస్ ఇంజిన్‌లో నీళ్ల పంపును తిప్పేది బెల్టు కాదు, కరెంటు మోటారు. అయినా నేటికీ రోడ్ల మీది కార్లలో అత్యధికం మైనం వాల్వుతోనే నడుస్తున్నాయి.

కాబట్టి ఈసారి షెడ్డులో ఎవరైనా “తీసేద్దాం” అంటే ఒప్పుకోకండి. అదే డిగ్రీ అంకె ఉన్న కొత్త వాల్వు, కొత్త గాస్కెట్‌తో బిగించమనండి. వాల్వులో గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే మాన్యువల్ చెప్పిన వైపుకే పెట్టమనండి. కూలెంట్ పోశాక లోపలి గాలంతా బయటికి తీయమనండి. వాల్వు తీసేయడం మరమ్మతు కాదు.