పట్టభద్రులైన మన పిల్లలు వ్యాపారవిద్యకు ఎప్పుడు పోవలెను?

వ్యవసాయ కళాశాలలోనో, ఇంజనీరింగు కళాశాలలోనో నాలుగేండ్లు చదివి వచ్చిన కుమారుడు మరి రెండేండ్లు ఎం.బి.ఏ. చదివెదనని అడిగినప్పుడు, మన సభ్యులలో పెక్కుమంది మొట్టమొదట బ్యాంకి మెట్లెక్కి "అప్పు ఎంత దొరకును?" అని విచారించుచున్నారు. అంతకు ముందు విచారింపవలసినది వేరొకటి కలదు. ఆ చదువు ఇప్పుడే చదువవలెనా, కొంతకాలము పనిచేసిన పిమ్మటనా? తొందరపడి చెప్పిన జవాబు వలన ఇల్లు తాకట్టులోనికి పోవచ్చును గనుక దీనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ఈ విషయమున విద్యాలయములన్నియు ఒక్క మాట చెప్పుట లేదు. 1961లో అహమ్మదాబాదులోను, 2015లో విశాఖపట్టణమునందును వెలసిన ఐ.ఐ.ఎం.లు రెండేండ్ల కోర్సునకు అనుభవము లేనివారిని సైతము చేర్చుకొనును. కళాశాలలో చివరి సంవత్సరము చదువువారు కూడ క్యాట్ పరీక్షకు కూర్చుండవచ్చును. హైదరాబాదు రాజేంద్రనగరములోని మేనేజ్ సంస్థ 1996 నుండి వ్యవసాయ పట్టభద్రులకు వ్యవసాయ వ్యాపార నిర్వహణము బోధించుచున్నది. ఐ.ఎస్.బి.లోని ఒక సంవత్సరపు ప్రధాన కోర్సునకు మాత్రము రెండేండ్లకు తక్కువ కాని ఉద్యోగానుభవము ఉండవలెను.

సామాన్యముగా రెండు మూడేండ్లు పనిచేసి పోవుటయే మేలని మా అభిప్రాయము. గుంటూరు మిర్చియార్డును చూడుడు. పంట వచ్చు నెలలలో ధర పడిపోయిన యెడల రైతు సరకును కోల్డు స్టోరేజిలో పెట్టును. ఆ రసీదు మీద అప్పు తెచ్చి కూలీల కిచ్చును. ధర పెరుగునని నెలల తరబడి కాచుకొని యుండును. ఈలోపల వడ్డీ, అద్దె, తూకములో తరుగు, ఈ మూడును కలిసి పెరిగిన ధరను కాస్తయు మ్రింగివేయుట కద్దు. ఒక్క సీజను ఆ లెక్కను తన చేతితో వ్రాసిన కుర్రవానికి 'వర్కింగ్ క్యాపిటల్' అను పాఠము మొదటిరోజుననే బోధపడును. వ్రాయనివానికి అది పరీక్షకై వల్లించు మాట మాత్రమే. పెద్ద విద్యాలయములలో బోధన చాలవరకు ఏదో యొక కంపెనీకి వచ్చిన చిక్కును ముందుంచి, "నీవైతే ఏమి చేయుదువు?" అని యడుగుటతో సాగును. ఎన్నడును ఒక బేరమైన కుదుర్చనివాడు అచట ఏమి చెప్పగలడు? పని యెక్కడ దొరకుననిన, పెద్ద కంపెనీలే కానక్కరలేదు. 2020లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకమున ప్రతి సంస్థకు ఒక కార్యనిర్వహణాధికారియు, ఒక లెక్కల గుమాస్తాయు ఉండవలెనని యేర్పాటు కలదు. అట్టి చోట జీతము కొంచెమైనను నేర్పు అధికము.

వర్ఘీస్ కురియన్ గారు చదివినది ఇంజనీరింగు. 1949లో ఆనందునకు వచ్చి, పాలసంఘముల పనిలో ముప్పదియేండ్లు గడపిన పిదపనే 1979లో గ్రామీణ నిర్వహణకై ఇర్మా విద్యాలయమును నెలకొల్పిరి. 2025లో అదియే త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయమైనది. చిత్రమేమనగా, అంతటి అనుభవజ్ఞుడు నెలకొల్పిన ఆ విద్యాలయము క్రొత్త పట్టభద్రులను కాదనలేదు; వారిని చదువులో భాగముగా కొన్ని వారములు పల్లెలలో ఉంచినది. లోటును అట్లు పూరించు చోటు దొరకినచో వెంటనే చేరినను మేము ఆక్షేపింపము.

ఇక అప్పు మాట. పది లక్షలు ముప్పావలా వడ్డీకి తెచ్చినచో ఏడాదికి తొంబది వేలు. చదువు రెండేండ్లు, ఆ మీదట గడువు ఒక యేడు. తీర్పు ప్రారంభమగుసరికి వడ్డీయే రమారమి రెండు లక్షల డెబ్బది వేలు. (సొమ్ము వాయిదాలలో విడుదలయగుటచే కొంత తగ్గును.) ఏడున్నర లక్షలు దాటిన ఋణమునకు బ్యాంకులు సామాన్యముగా ఆస్తి హామీ అడుగును. 2024లో ఆమోదింపబడిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద ఎంపికైన మంచి విద్యాలయములకు హామీ అక్కరలేదు. కావున విద్యాలయము ఆ పట్టికలో కలదో లేదో ముందు చూచుకొనుడు. రెండేండ్ల జీతములో మిగిలిన సొమ్ము ఆ మేరకు అప్పును తగ్గించును. తన సొమ్ము పెట్టినవాడు తరగతి యెగ్గొట్టడు కూడ!

ఆడపిల్లల సంగతి వేరు. ఉద్యోగమునకని రెండేండ్లు ఆగినచో, ఆ వ్యవధిలో సంబంధములు చూచి చదువు తలుపు మూయు ఇండ్లు మనలో ఇంకను కలవు. అట్టి ఇంటి పిల్లకు సీటు వచ్చిన సంవత్సరమే మంచి ముహూర్తము. జీతమునకు అలవాటుపడి మరల పుస్తకము పట్టలేనని ముందే యెరిగిన కుర్రవాడును ఆగరాదు. కాని ఉద్యోగము దొరకలేదు గనుక ఎం.బి.ఏ. చదువుదమనుట మాత్రము అన్నిటికంటె చెడ్డ కారణము. దగ్గరి పట్టణములో ఐసెట్ వ్రాసి చేరదలచినవారు, ఆ కళాశాలలో పోయిన యేడు చదువు ముగించిన నలుగురిని వెదకి, ఎక్కడ పనిచేయుచున్నారో, ఎంత జీతమో అడిగి రావలెను. కళాశాల అచ్చువేసిన కాగితము కంటె ఆ నలుగురి మాట నమ్మదగినది.

ఆగదలచినవారికి ఒక సౌకర్యము కలదు. క్యాట్ ఫలితము ఆ సంవత్సరపు ప్రవేశములకే చెల్లును, ఐ.ఎస్.బి. మొదలగు చోట్ల అంగీకరించు జీమ్యాట్ ఫలితము అయిదేండ్లు చెల్లును. చదువు వేడి చల్లారకముందే దానిని వ్రాసియుంచుకొని, తరువాత పనికి పోవచ్చును.